పేర్లు తుడిచింది నరహరి సామి కాదు

నరహరి సామి పోయినారన్న వార్త నాకు బాగేపల్లి హైవే పక్కన టీ అంగట్లో అందింది. పొద్దున ఎనిమిదై ఉంటుంది. చిక్కబళ్ళాపురం ఆస్పత్రి నుంచి ఫోను. తెల్లవారాక ఫిట్స్ వచ్చినాయి, ఈసారి ఆగలేదు అన్నారు, అంతే. నలభై రెండేండ్ల మనిషి. రెండు రోజుల కిందట ఆస్పత్రి మంచం మీది నుంచే నన్ను గాడిదా అని తిట్టిన మనిషి. తిట్టేంత ఓపిక ఉన్నవాడికి చావు ఎట్ల వస్తుందో నా బుర్రకు ఎక్కలేదు. చేతిలో టీ గ్లాసు అట్లే ఉండిపోయింది.

నేను పక్కవాళ్ళకు సంగతి చెప్తుంటే బల్ల మీద కూర్చున్న ఒకాయన తలెత్తి, "ఎవురప్పా, ఆ రైతుల పేర్లు తుడిచేసినాయనేనా? చేసిన దానికి అనుభవించినాడులే" అన్నాడు. ఆ తర్వాత నాకు గుర్తున్నది గ్లాసు పగిలిన చప్పుడు, వాడి పెదవి మీద రక్తం, నా గుప్పిట్లో వాడి చొక్కా గుండీలు. నలుగురు కలిసి నన్ను వెనక్కి లాగినారు. వాణ్ణి కొట్టడం తప్పే. కొట్టించుకోవలసింది నేను. ఏడాదిన్నరగా బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం తాలూకాలు మూడూ నమ్ముతున్న ఆ మాట అబద్ధం. మనిషిని కాల్చినంత సులువుగా అబద్ధం కాలదు. ఆయన పేరు మీద పడిన ఆ మసిని తుడవాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను ఏడో తరగతిలో బడికి దండం పెట్టి బయటికొచ్చినోణ్ణి. ఇందులో పెద్ద పెద్ద మాటలు తగిలితే అవి సామి నోట విని విని నాకు అంటుకున్నవి. తప్పులు తగిలితే అవి నా స్వార్జితం.

పరగోడులో తరతరాలుగా దేవాలయ కైంకర్యం చేసిన వంశంలో పుట్టి, చిక్కబళ్ళాపురంలో డిప్లొమా చదివి, కంప్యూటర్ల మర్మం తెలిసిన నరహరి సామి అపారమైన ప్రజ్ఞ, అకుంఠితమైన దీక్ష, పట్టపగ్గాల్లేని కోపం ఒకే దేహంలో కాపురం పెట్టిన మనిషి. విత్తనాల సొసైటీ ఒకటి వేరుశెనగ విత్తనాల పంపిణీ కోసం బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురంలో ఒక్కొక్క సర్వరు పెట్టింది. సర్వరంటే మూల గదిలో కూర్చొని హోరుమనే పెద్ద కంప్యూటరు. కౌంటరులో ఉండే చిన్న కంప్యూటర్లు దాని మాట వింటాయి. రైతుల పేర్లన్నీ దాని కడుపులో ఉంటాయి. ఆ మూడింటి బాగోగులు చూసే చిన్న కంపెనీలో సామి ఇంజనీరు, నేను కేబుళ్ళు లాగేవాణ్ణి. ఆఫీసు బాగేపల్లిలో, విత్తనాల కౌంటరు పైన మేడ మీద.

మొదట్లో సర్వర్లలో ఏ చిన్న మార్పు చెయ్యాలన్నా నేను సీడీలు సంచిలో వేసుకొని బస్సెక్కి ఊరూరా తిరిగేవాణ్ణి. సామి రాసిచ్చిన చీటీ ఒకటే. నేను మూడు ఊళ్ళలో మూడు విధాలుగా చేసి వచ్చేవాణ్ణి. చింతామణి నుంచి ఫోను వస్తే నేను గోడ చాటుకు, సామి నా వెనక. ఆ బాధ పడలేక ఆయన సొంతంగా ఒక పనిముట్టు రాసినారు. దాంట్లో బొమ్మల్లేవు, రంగుల్లేవు. నల్లటి తెర మీద ఒక వరుస రాసి ఎంటర్ కొడితే, ఏ ఊరి సర్వరైనా ఆ ఆజ్ఞ ప్రకారం తనను తాను సర్దుకుంటుంది. ఊళ్ళో దండోరా వేసి ఇంటింటికీ కబురు చేరవేసే మనిషిని తలచుకొని దానికి 'తలారి' అని పేరు పెట్టినారు. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. సామి నా సంచి లాక్కొని, కీబోర్డు ముందు కూలదోసి, "ఇంక కాళ్ళతో కాదురా, వేళ్ళతో నడువు" అన్నారు.

ఆయన కోపం గురించి చెప్పకపోతే ఆయన గురించి చెప్పనట్టే. ఒకసారి చింతామణి సర్వరు మూడు దినాలు ఆయన మాట వినలేదు. తక్కిన రెండూ బుద్ధిగా వింటున్నాయి, అది మాత్రం ఏం రాసినా దులిపేసుకొంటోంది. మూడో దినం మధ్యాహ్నం దోషం దొరికింది. ఏర్పాట్లు రాసిన ఫైలులో ఒక వరుస చివర కంటికి కనబడని ఖాళీ ఒకటి ఉంది, స్పేసు మీట ఒకసారి ఎక్కువ తగిలినంత ఖాళీ. అది పెట్టిన మహానుభావుణ్ణి నేనే. సామి కీబోర్డు పీకి బల్లకేసి బాదినారు. మీటలు పేలాల మాదిరి ఎగిరినాయి. తృప్తి కలగక మిగిలిన చెక్కను కిటికీలోంచి విసిరితే అది కింద శెనగ చెక్క మూట మోసుకుపోతున్న ఒక ముసలాయన భుజానికి గీరుకుంటూ పడింది. నెత్తురు వచ్చింది. సామి మెట్లు రెండేసి దూకి కిందికి పోయి, నడిరోడ్డు మీద ఆ ముసలాయన కాళ్ళు పట్టుకున్నారు. ఆయన మూట తానే మోసి అంగడిదాకా చేర్చి వచ్చినారు. వచ్చి ఎవరినీ తిట్టలేదు. వరుస చివర ఖాళీలుంటే పట్టించుకోకుండా పోయేటట్టు తలారిని దిద్దినారు. "ఆ ఖాళీ నువ్వు పెట్టినావు, సరే. దాన్ని మింగలేకపోయింది నా పనిముట్టు. దీన్ని దిద్దితే నీలాంటోళ్ళు నూరుమంది బతుకుతారు" అన్నారు. నూరుమంది నాలాంటోళ్ళు ఉంటే మీరు బతకరు సామీ అన్నాను. అప్పుడు చెప్పు ఎగిరింది. అది నాకు తగల్లేదు. గురి ఎప్పుడూ తప్పే.

ఇంకొక దీక్ష ఆయనది. తలారి పని చెడినప్పుడు ఊరికే అంకెలు కక్కేది, దోషం పదిహేడు, దోషం నలభై అని. అది ఆయనకు సహించేది కాదు. ఏం జరిగింది, ఎక్కడ జరిగింది, ఇప్పుడు ఏం చెయ్యాలి, ఈ మూడూ చెప్పని సందేశం సందేశం కాదనేవారు. ఒక్కొక్క సందేశం ఇంగ్లీషు అక్షరాల్లో మన తెలుగు మాటలే రాసి, నన్ను పిలిచి చదవమనేవారు. నేను అర్థంకాక నోరు తెరిస్తే మళ్ళీ రాసేవారు. "నీకు అర్థమైతే ఇంక ప్రపంచంలో ఎవనికైనా అర్థమైనట్టే" అని నవ్వేవారు. నా అజ్ఞానం ఒకరికి కొలబద్దగా ఉపయోగపడింది ఆ ఆఫీసులోనే. బళ్ళో మేష్ట్రు దానికి బెత్తం వాడినాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అర్చకుల ఇంట్లో పుట్టినవాడు గదా, ఏ పనికైనా ముందు సంకల్పం చెప్పడం ఆయనకు రక్తంలో ఉండేది. ఎంటర్ కొట్టే ముందు నోరు తెరిచి చెప్పాల: బాగేపల్లిలో కూర్చున్న గంగులప్ప అనే నేను, చింతామణి సర్వరులో, ఫలానా మార్పు చెయ్యబోతున్నాను అని. అది వినకుండా నన్ను ఎంటర్ మీట ముట్టనిచ్చేవారు కాదు. దక్షిణ ఎంత సామీ అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆయన నవ్వేవారు కాదు. నోటితో చెప్పినప్పుడు చెవి వింటుంది, చెవి విన్నప్పుడు చెయ్యి ఆగుతుంది అనేవారు.

ఆ గుడి అలవాటే ఇంకొకటి ఆయనకు తెలియకుండా పనిముట్టులోకి దూరింది. గుళ్ళో అర్చన పళ్ళెం ఇచ్చినవాడు పేరూ గోత్రమూ చెప్పకపోతే పూజారి ఏం చేస్తాడు? అందరి క్షేమం కోసమని చేసేస్తాడు. చిన్నప్పటి నుంచీ నాయన పక్కన నిలబడి అదే చూసిన సామి, తలారి రాసేటప్పుడు అట్లే రాసినారు. ఊరి పేరు చెప్తే ఆ ఊరికి. పేరు చెప్పకుండా వదిలేస్తే అన్ని ఊళ్ళకూ. ఎన్నో ఏండ్లు దానివల్ల మేలే జరిగింది. గడియారం సరిచెయ్యాలన్నా, ప్రింటరు మార్చాలన్నా పేరు వదిలేస్తే మూడు ఊళ్ళూ ఒక్క దెబ్బకు సర్దుకునేవి.

చిక్కబళ్ళాపురం కొత్తగా జిల్లా అయిన మరుసటి ఏడాది, వానల కాలం. రెండు పదునుల వాన గట్టిగా పడింది. నేల ఆరే లోపల విత్తనం పడకపోతే ఆ ఏడాది పోయినట్టే. పొద్దున తొమ్మిదికే కింద కౌంటరు ముందర జనం హైవే దాకా నిలబడినారు. తోపులాటలో ఒకాయన చెయ్యి విరిగింది. సామి కిందికి పోయి వరుస సరిచేస్తున్నారు. అంతలో చింతామణి నుంచి ఫోను: సర్వరు చిక్కుకుపోయింది, రైతుల పేర్ల పాత పట్టిక తుడిచి కొత్తది ఎక్కించండి. సామి కింది నుంచే నాకు కేకేసి చెప్పినారు, చింతామణిది తుడువు, నేను వచ్చి ఎక్కిస్తా అని.

మేడ మీద నా చుట్టూ పదిమంది రైతులు మూగి ఉన్నారు. నేను తలారిలో తుడిచే ఆజ్ఞ రాసి, సంకల్పం మొదలుపెట్టినాను. బాగేపల్లిలో కూర్చున్న గంగులప్ప అనే నేను అన్నానో లేదో, ఒకాయన పకపకా నవ్వి, "యాడ కూచున్నావో మాకు కనపడతాండాదిలే. పెండ్లి మంత్రాలు చదువుతాండావా, విత్తనాలిస్తాండావా?" అన్నాడు. అందరూ నవ్వినారు. పుట్టినప్పటినుంచి ఊరందరినీ ఎగతాళి చేసి బతికిన నాకు, నా మీద ఊరు నవ్వితే ఎట్లుంటుందో అప్పుడే తెలిసింది. ముఖం మండిపోయింది. నోరు మూసుకున్నాను. ఊరి పేరు రాయకుండానే ఎంటర్ కొట్టినాను.

తెర మీద మూడు వరుసలు వచ్చినాయి. నాకు అర్థం కావాలని సామి స్వయంగా దిద్దిన మాటలు. చింతామణి పట్టిక తుడిచినాను. బాగేపల్లి పట్టిక తుడిచినాను. చిక్కబళ్ళాపురం పట్టిక తుడిచినాను.

కింద కౌంటరులో ఒక్కొక్కరికీ మీ పేరు లేదప్పా, మీ పేరు లేదమ్మా అని చెప్పడం మొదలైంది. మొదట గొణుగుడు. తర్వాత కేకలు. తర్వాత రాళ్ళు. కౌంటరు అద్దం పగిలి ఒక ఆడమనిషి నుదురు చీలింది. సామి మెట్లెక్కి పరిగెత్తి వచ్చి తెర చూసినారు, నన్ను చూసినారు. చెంప మీద ఒక్కటి పీకినారు. నా చెవిలో గంటలు మోగుతుండగానే కాలరు పట్టి ఈడ్చి సర్వరు గదిలోకి తోసి బయట గడియ పెట్టినారు. ఆ తలుపుకు జానెడు అద్దం ఉంది. జరిగినదంతా నేను దాంట్లోంచి చూసినాను.

జనం మెట్లు విరగతొక్కుతూ పైకి వచ్చినారు. ఎవుడురా మా పేర్లు తుడిచింది అని ఒకే మాట. మానిటరు ఎత్తి నేలకేసి కొట్టినారు, అది బాంబు మాదిరి పేలింది. కుర్చీలు విరిచి వాటి కోళ్ళు చేతపట్టుకున్నారు. సామి ఆ తలుపుకు వీపు ఆనించి నిలబడి, రెండు చేతులూ ఎత్తి, "నేనప్పా. నా పనిముట్టే తుడిచింది. సాయంత్రానికి మళ్ళీ ఎక్కిస్తా, ఓర్చుకోండి" అన్నారు. ఓర్చుకోండి అన్న మాట సగంలోనే తెగింది. కుర్చీ కోడు ఆయన చేతి మీద పడింది. వేళ్ళు వంకర తిరిగినాయి. చొక్కా చిరిగింది, జంధ్యం తెగి మెడకు వేలాడింది. కిందపడితే తన్నినారు. లేస్తే మళ్ళీ పడగొట్టినారు. నాగరగెరె నుంచి వచ్చిన ఒక రైతు కింద కాటా దగ్గరి అయిదు కిలోల తూకం రాయి ఎత్తుకొచ్చినాడు. అది సామి ఎడమ చెవి మీద దిగిన చప్పుడు అద్దం ఇవతల నాకు వినబడింది.

నేను గడియ వేసిన గదిలో ఉన్నాను, నిజమే. కానీ నాకు నోరు ఉంది. తుడిచింది నేను అని ఒక్క కేక వెయ్యొచ్చు. ఊళ్ళో ఎవరినీ బతకనియ్యని నోరు అది. ఆ పూట అది తెరుచుకోలేదు. ఆయన్ను చంపుతున్నారని తెలిసీ తెరవలేదు. భయం. దానికి ఇంకే పేరూ లేదు.

ఠాణా నుంచి జీపు వచ్చి, లాఠీలు లేచి, జనం చెదిరినాక గడియ తీసిన చప్పుడైంది. సామి లోపలికి వచ్చినారు. ఎడమ చెవిలోంచి రక్తం మెడ మీదుగా కారుతోంది. ఒక కన్ను మూసుకుపోయింది. పోలీసాయన ఆస్పత్రికి నడవమంటే, పదును నా కోసం ఆగదు, నేల ఆరిపోతుంది, పట్టిక ఎక్కించి వస్తానన్నారు. ప్రతి దినం పట్టికలు సీడీ మీద నకలు తీసి ఇంట్లో పెట్టుకొనే అలవాటు ఆయనది. ఆ సీడీలు తెప్పించినారు. వేళ్ళు విరిగినాయి గనక ఆయన టైపు చెయ్యలేరు. గదిలో సర్వరుకున్న తెర చూపించి, "కూర్చో. నువ్వే కొట్టు" అన్నారు. తుడిచిన వేళ్ళతోనే నన్ను ఎక్కించమన్నారు. ఒక్కొక్క ఊరి పేరూ నా చేత గట్టిగా చెప్పించినారు. నేను చెప్పిన ప్రతిసారీ, మళ్ళీ చెప్పు, వినపడలేదు అన్నారు. నేను దాన్ని కోపమనుకున్నాను. నిజంగానే వినపడలేదని ఆస్పత్రిలో డాక్టరు చెప్తే తెలిసింది.

మూడు గంటలకు మూడు ఊళ్ళలో విత్తనాల చీటీలు ఇవ్వడం మొదలైంది. బాగేపల్లి కౌంటరులో సామి తానే కూర్చున్నారు, తలకు టవలు చుట్టుకొని. ఆ నాగరగెరె రైతు వరుసలో వచ్చినాడు. చొక్కా మీద సామి రక్తం ఆరలేదు. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టినారు. సామి పేరు అడిగినారు, ఊరు అడిగినారు, చీటీ ఇచ్చినారు. తర్వాత పోలీసులు ఎవరు కొట్టినారని అడిగితే ముఖం చూడలేదన్నారు. అయిదింటికి కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయినారు.

ఆస్పత్రిలో నాలుగో దినం నేను ఆయన మంచం పట్టుకొని ఏడ్చినాను. కుడి చెవి దగ్గరికి నోరు పెట్టి, నా తప్పు మీరేల నెత్తికెత్తుకొంటిరి సామీ అన్నాను. ఆయన ఇట్ల చెప్పినారు.

"నీ పేరు చెప్పింటే నిన్ను చంపి పోయిందురు. లోపం అట్లే ఉండిపోతాంటుంది. ఇంకొక దినం ఇంకొక గంగులప్ప ఎంటర్ కొడతాంటాడు. దీవెన పేరు లేకుండా ఇయ్యొచ్చురా. తుడిచే పని పేరు లేకుండా చెయ్యగూడదు. ఆ తేడా పనిముట్టుకు నేర్పించనిది నేను. తప్పు నాదే."

ఆ మంచం మీది నుంచే ఆయన చెప్తుంటే నేను టైపు చేసి తలారిని మార్చినాము. ఇప్పుడది తుడవమంటే ఒక్క అడుగు కదలదు. మొదట ఏం జరగబోతుందో చేసి కాదు, చెప్పి చూపిస్తుంది: ఈ ఊరు, ఇన్ని పేర్లు పోతాయి అని. ఊరి పేరు పూర్తిగా మళ్ళీ రాస్తేనే చేస్తుంది. పేరు లేకుంటే, ఏ ఊరో చెప్పు, నేను ఊహించను అని నిలబడుతుంది. ఏ మార్పు ఎందుకు చేసినామో రాసిపెట్టే ఫైలు ఒకటుంది. దాంట్లో కారణం అన్నచోట నేను నా పేరు రాసినాను. సామి చదివి తుడిపించి, పనిముట్టు చేసినవాడి అజాగ్రత్త అని రాయించినారు.

ఆ తర్వాత ఏడాదిన్నర ఆయన బతికినారు. ఒక చెవితో, వంకర వేళ్ళతో, ఆ తూకం రాయి దెబ్బకు మొదలై, నెలకొకసారి నేలమీద పడేసి ఈడ్చే ఫిట్స్‌తో. నోట్లో నురగ తుడుచుకొని మళ్ళీ నల్లతెర ముందుకే వచ్చేవారు. ఆ ఏడాదిన్నరలో తలారిలో ఎన్ని లోపాలు దిద్దినారో లెక్కలేదు. ఊళ్ళో ఆయన వీధిలో పోతుంటే, పేర్లు తుడిచినాయన అని వెనక మాట వినబడేది. ఆయనకు ఎడమ పక్క అనేవి వినబడవు. కుడి పక్క అనేవి వినబడేవి. తిరిగి చూసేవారు కాదు. పక్కనే నడిచే నాకు రెండు పక్కలా వినబడేవి. నేనూ తిరిగి చూడలేదు.

ఆయన కర్మ అయిన మరుసటి దినం నేను వాళ్ళింటికి పోయినాను. సామి భార్య పద్మావతమ్మ వరండాలో కూర్చొని ఉంది. ఇక దాచలేక, తుడిచింది నేనమ్మా, సామి కాదు అని చెప్పేసినాను. ఆమె కొట్టినా బాగుండేది. లోపలికి పోయి ఆకు వేసి వచ్చింది.

"ఆ దినమే ఆయన చెప్పినాడు నాకు. ఈ ఏడాదిన్నరా నీకు అన్నం వడ్డిస్తానే ఉండాను గదా గంగులూ. ఎప్పుడు చెప్తావో, ఎప్పుడు చెప్తావో అని చూస్తాంటి. ఆయన బతికుండంగా నువ్వు ఊరికి చెప్పింటే, వీధిలో ఒక్క దినమన్నా తలెత్తుకొని నడిచింటాడు." అంతే అనింది. తిను అనింది.

ఆయన విద్వత్తును నేను పొగడలేను, అంత చదువు నాకు లేదు. ఇంకొక ఇంజనీరు వస్తాడు, నాకంటే నూరురెట్లు బాగా తలారిని నడుపుతాడు. కానీ ఇతరుల తప్పులో తన వాటా వెతుక్కొని, దాన్ని దిద్ది, దెబ్బలు తిని, ఊరకుండే మహనీయుడు ఈ తాలూకాలకు మళ్ళీ ఎప్పుడు దొరుకుతాడో నాకు తెలియదు. నరహరి సామి పాదాలకు నేను పెట్టగలిగిన దండం ఇదొకటే: బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం రైతులారా, ఆ వానల కాలంలో మీ పేర్లు తుడిచింది గంగులప్ప అనే నేను. మీరు ఒక నిరపరాధిని కొట్టి చంపినారు. కొట్టించింది నేను. ఎవరికైనా చెయ్యి ఇంకా దురద పెడుతుంటే, కౌంటరు పైన మేడ మీదే ఉంటాను, పొద్దున పది నుంచి. ఈసారి అడిగితే నోరు తెరుస్తాను.